వానాకాలంలో అండమాన్ టికెట్లు తీశారు, అత్తమ్మ సంగతేంటి?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆమెకు 38 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్. భర్తది ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగో తరగతి. అత్తగారితో కలిసి నయీంనగర్‌లో కింది వాటాలో ఉంటారు. ఉత్తరంలోని ముఖ్యమైన భాగం ఆమె మాటల్లోనే:

"పెళ్లయి పదిహేనేళ్లయినా ఎక్కడికీ తీసుకుపోలేదని ఎన్నోసార్లు దెప్పాను. సముద్రం కాలేజీ టూర్‌లో వైజాగ్‌లో చూసిందే. జూన్ చివర్లో మావారు ఆఫీసు నుంచి స్వీట్ బాక్సుతో వచ్చి, ఆగస్టు రెండో వారంలో అండమాన్ బుక్ చేశానన్నారు. పంద్రాగస్టు కలిసొచ్చేట్టు ఐదు రాత్రులు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి, హావ్‌లాక్ దీవిలో రెండు, నీల్ దీవిలో రెండు. చివరి రోజు పొద్దున నీల్ నుంచి పడవ, మధ్యాహ్నం విమానం. ఆఫ్ సీజన్ కాబట్టి నలుగురికీ కలిపి లక్షా ముప్పై ఎనిమిది వేలకే వచ్చిందట. డెబ్బై వేలు కట్టేశారు, మిగతాది ఈ నెల 25లోపు కట్టాలి. మానుకుంటే పైసా రాదని ఏజెంటు చెప్పాడట.

2023 జులైలో వరదొచ్చినప్పుడు మేము పిల్లల్ని తీసుకుని జనగామలో మా అమ్మ వాళ్లింట్లో ఉన్నాం. అత్తమ్మ ఒక్కతే ఇక్కడుంది. నడుము లోతు నీళ్లొచ్చాయి. పై వాటావాళ్లు చూసి మెట్ల మీదికి లాక్కుపోయారు. అప్పట్నుంచి రాత్రి వాన పడితే చాలు, మంచం దిగేముందు కాలితో నేల తడిమి చూస్తుంది. బీరువా కింద ఇటుకలు పెట్టించింది. టూర్ గురించి చెప్తే 'పోండి బిడ్డా, నేనేమన్న చిన్నపిల్లనా' అంది, ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు 'అండమాన్ అంటే జైలు కద, ఆడికెందుకు?' అని మా బాబును అడిగింది. చుట్టాలేమో 'వానల్ల ఎవలన్న సముద్రం కాడికి పోతరా' అని నవ్వుతున్నారు. మావారు, 'అమ్మను కరీంనగర్‌లో అక్క దగ్గర దింపుదాం, నువ్వు అక్కతో మాట్లాడు' అంటున్నారు. నాకు నోరు రావట్లేదు. డెబ్బై వేలు పోతే పోయాయని మానుకోవాలా? నిజం చెప్పాలంటే నాకు వెళ్లాలనే ఉంది. అలా అనుకోవడమే తప్పేమో అనిపిస్తోంది."

అమ్మా, వెళ్లాలని ఉండటం తప్పేమీ కాదు. ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం. మీ ఉత్తరంలో వాన, డబ్బు, అత్తమ్మ అన్నీ కలిసి చిక్కుపడ్డాయి. ముందు వాన సంగతి చూద్దాం, అందులో ఊహల కంటే తెలిసిన విషయాలే ఎక్కువ.

మీ చుట్టాలు నవ్వడంలో కొంత నిజం ఉంది. నైరుతి రుతుపవనాలు మనకంటే మూడు వారాలు ముందే, మే నెలలోనే అండమాన్ చేరతాయి. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 3,000 మిల్లీమీటర్లు, వరంగల్‌లో పడేదానికి దాదాపు మూడింతలు. ఆగస్టు అక్కడ నిండు వానాకాలం. అయితే రోజంతా కురుస్తూనే ఉంటుందని కాదు. ఒక గంట దంచికొట్టి, తర్వాత తెరిపిచ్చి ఎండ కాసే రోజులూ ఉంటాయి. రెండు మూడు రోజులు ముసురు పట్టి, గదిలోంచి బయటికి రానివ్వని రోజులూ ఉంటాయి. మీకు ఏవి తగులుతాయో ఇప్పుడే చెప్పడం వాతావరణ శాఖ వల్ల కూడా కాదు.

ఏజెంటు పంపిన ఫొటోల్లోని నీలం రంగు సముద్రం మాత్రం మీకు దొరక్కపోవచ్చు. ఈ కాలంలో అలలు పెద్దవి, నీళ్లు మసక. స్కూబా, స్నార్కెలింగ్, గాజు అడుగున్న పడవలు అన్నీ ఆ రోజు గాలిని బట్టే. కొన్ని బీచుల్లో దిగనివ్వరు. ఉప్పునీటి మొసళ్లున్నాయని బోర్డులు పెట్టిన చోట్లు కూడా ఉన్నాయి, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. ఇంకోటి, అక్కడ ఐదింటికే తెల్లారుతుంది, సాయంత్రం ఆరు దాటేలోపే చీకటి పడుతుంది. పొద్దంతా వాన కురిసి నాలుగింటికి తెరిపిస్తే, ఆ రోజు మీకు మిగిలేది కొద్దిసేపే. మీ బాబు స్కూబా కోసమే ఎదురుచూస్తుంటే, అది ఉండకపోవచ్చని ఇక్కడే చెప్పేయండి. అక్కడికి వెళ్లాక చెప్తే ఆ రెండు రోజులూ ఏడుపే.

దొరికేవి కూడా ఉన్నాయి. జనం తక్కువ, అడవి పచ్చగా ఉంటుంది, గదులు చవక. సెల్యులర్ జైలును వానలోనూ చూడొచ్చు. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకు మొదట ఏడు విభాగాలు, ఇప్పుడు మూడే మిగిలాయి. తొమ్మిదో తరగతి పాపకు పుస్తకంలో చదివింది కళ్లముందు కనబడుతుంది. రాత్రి జరిగే సౌండ్ అండ్ లైట్ షో ఆరుబయటే, వాన పడితే ఆపేస్తారు. తెలుగువాళ్లు అక్కడ చాలామందే స్థిరపడ్డారు కాబట్టి పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట వినబడుతుంది. అన్నట్టు ఊళ్ల పేర్లు మారాయి: పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం, హావ్‌లాక్, నీల్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్. టికెట్ల మీద కొత్త పేర్లు కనబడితే వేరే ఊరికి బుక్ చేశారని కంగారుపడకండి.

మీ టూర్‌లో నన్ను నిజంగా కలవరపెట్టింది చివరి రోజు. పొద్దున నీల్ నుంచి పడవ, మధ్యాహ్నం విమానం అన్నారు. ఎండాకాలంలోనైతే సరే. ఆగస్టులో సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు ఆపేస్తారు, ప్రభుత్వ పడవైనా ప్రైవేటు పడవైనా. పడవ ఆగితే విమానం పోతుంది. అప్పటికప్పుడు నలుగురికి కొత్త టికెట్లు కొనాల్సి వస్తే, ఆఫ్ సీజన్‌లో మిగిలిందనుకున్నదంతా అక్కడే ఊడ్చుకుపోతుంది. అందుకని వెళ్లడం ఖాయమైతే చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. నీల్‌లో ఒక రాత్రి తగ్గించి ఇటు కలపమని ఏజెంటును అడగండి. నన్నడిగితే నీల్‌ను పూర్తిగా తీసేసి, హావ్‌లాక్‌లో రెండు, పోర్ట్ బ్లెయిర్‌లో మూడు రాత్రులు ఉండమంటాను. పడవ ఎక్కేది రెండుసార్లే అవుతుంది. పడవలో వాంతులయ్యే పిల్లలుంటే అదే పెద్ద ఊరట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, దీన్ని ట్రావెల్ ఏజెంట్లు చెప్పరు. ఆగస్టులో బంగాళాఖాతం ఉత్తర భాగంలో అల్పపీడనం ఏర్పడితే అటు అండమాన్ మీద నైరుతి గాలులు బలపడతాయి, పడవలు ఆగేది తరచు అప్పుడే. ఆ అల్పపీడనమే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా కదిలి చాలాసార్లు మన ఉత్తర తెలంగాణ మీద కుండపోత కురిపిస్తుంది. అంటే మీరు హావ్‌లాక్‌లో చిక్కుకుపోయే రోజులు, నయీంనగర్‌లో నీళ్లు చేరే రోజులు ఒక్కటే కావచ్చు. తప్పకుండా అవుతాయని అనను. కానీ మీ అత్తమ్మ అన్నం మానేసింది చాదస్తంతో అని మాత్రం ఎవరూ అనకండి. 2023 జులై 27 పొద్దుటికి ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. ఆవిడ ఆ వానలోనే ఒంటరిగా ఉంది. ఆవిడ భయం అండమాన్ గురించి కాదని నాకనిపిస్తోంది. కొడుకూ కోడలూ మళ్లీ ఊళ్లో లేని రాత్రి గురించి. బాబును జైలు గురించి అడగడం కూడా ఆ భయాన్నే పక్కదారిన బయటపెట్టడం కావచ్చు.

ఇప్పుడు మీవారి గురించి. మీరడగలేదు, అయినా చెప్తాను. ఆయన మీ కోరిక గుర్తుపెట్టుకున్నారు, అది మంచి సంగతి. కానీ ఒక్క మాట అడగకుండా డెబ్బై వేలు కట్టి, స్వీట్ బాక్సు తెచ్చి, ఆ తర్వాత వాళ్లమ్మను ఎక్కడ ఉంచాలన్న పని మాత్రం మీకు అప్పజెప్పారు. సర్‌ప్రైజ్ ఆయనది, టెన్షన్ మీది. రేపు ఆడబిడ్డ 'మా అమ్మను వదిలేసి తిరగబోయిర్రు' అన్నా, అత్తమ్మ నొచ్చుకున్నా, మాట పడేది మీరే. నోరు రావట్లేదన్నారే, అది మీ పిరికితనం కాదు. మీరు అడగాల్సిన మాట కాదు గనకనే రావట్లేదు.

కాబట్టి వెళ్లాలా మానాలా అని తేల్చుకునే ముందు ఆయనతో ఒక మాట మాట్లాడండి. 'నన్నడగకుండా ఎందుకు బుక్ చేశావ్' అని మొదలుపెడితే అది పదిహేనేళ్ల వెనక్కి పోతుంది. 'వెళ్దాం, నాకూ ఇష్టమే. అమ్మతో, అక్కతో మాట్లాడేది మాత్రం నువ్వు. ఏం కుదిరిందో చెప్పు, దాన్ని బట్టి మిగతా డబ్బు కడదాం' అనండి. దానికి ఆయన నసిగితే మీకు అదీ ఒక సమాధానమే. వాళ్లమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడలేని మనిషి, పడవ ఆగిపోయిన రోజు ఏర్పాట్లు ఎలా చేస్తారు?

ఆయన అత్తమ్మను అడిగేటప్పుడు కూడా 'అక్క దగ్గర దింపుతా' అని కాకుండా, 'మేం లేనప్పుడు నువ్వు ఎక్కడుంటే నీకు నిద్ర పడుతుంది?' అని అడగాలి. ఆవిడ కరీంనగరే అనొచ్చు. లేదంటే, పై వాటావాళ్లు రాత్రిళ్లు పైన పడుకోనిస్తే ఇక్కడే ఉంటాననొచ్చు. 2023లో ఆవిడను కాపాడింది వాళ్లే కదా, ఆవిడకు నమ్మకం వాళ్ల మీదే ఉండొచ్చు. కూతురి ఇల్లయినా అల్లుడి ఇంట్లో ఆరు రోజులుండటం కొందరు పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుంది. ఆవిడ ఇక్కడే ఉంటానంటే మీరు బయల్దేరే ముందే చేయాల్సిన పనులున్నాయి. ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, బంగారం పైకి చేర్చాలి. మందులు ఆరు రోజులకు కాకుండా పది రోజులకు కొనిపెట్టాలి. నీళ్లొస్తే కరెంటు మెయిన్ ఎవరు ఆపాలో పై వాటావాళ్లతో చెప్పుకోవాలి. ఇదంతా మీరు ఒక్కరే చేయకండి, మీ పాపకు కూడా పని అప్పజెప్పండి.

ఆవిడను కూడా తీసుకెళ్తే? ఉత్తరంలో ఈ మాటే రాలేదు, ఎవరికీ తట్టలేదో, తట్టినా పక్కన పెట్టారో. మోకాళ్లు బాగుండి, ఆవిడకు ఇష్టమైతే ఇది ఆలోచించదగ్గదే. జైలని భయపడిన మనిషి అక్కడ ఎవరెవరిని బంధించారో తెలిస్తే మనందరికంటే ఎక్కువ సేపు నిలబడి చూస్తుంది. కాకపోతే ఇంకో టికెట్, గదిలో ఇంకో మంచం, ఊగే పడవలోకి దాటించడం, అన్నీ లెక్కేసుకోవాలి. ఇంకొకటి, ఇది మీరు పదిహేనేళ్లుగా అడుగుతున్న ప్రయాణం. అందరినీ చూసుకునే పని అక్కడ కూడా మీకే వస్తుందనుకుంటే, ఈసారికి మేం నలుగురమే అని చెప్పడం కఠినమేమీ కాదు.

డబ్బు సంగతి. 'పైసా రాదు' అన్న మాట నోటిమాటగా నమ్మకండి. ప్యాకేజీలో విమానం టికెట్లు, హోటల్, పడవలు వేర్వేరుగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో షరతు. విమానం టికెట్ నాన్ రిఫండబుల్ అయినా అందులో కట్టిన పన్నులు, ఎయిర్‌పోర్టు ఛార్జీలు తిరిగి ఇవ్వాలన్నది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం. హోటళ్లు ఆఫ్ సీజన్‌లో డబ్బు తిరిగివ్వడానికి ఒప్పుకోకపోయినా, తేదీ మార్చడానికి తరచుగా ఒప్పుకుంటాయి. రద్దు చేస్తే ఎంత, తేదీ మారిస్తే ఎంత, పడవ ఆగి ఒక రాత్రి ఎక్కువ ఉండాల్సొస్తే ఎవరు భరిస్తారు అని వాట్సాప్‌లో రాసి అడగండి, రాతలోనే జవాబు తీసుకోండి. డెబ్బై వేలూ పోతాయనుకున్నది చివరికి ముప్పై, నలభైలో తేలితే మీ ఆలోచనే మారుతుంది. పోయిన డబ్బు కోసం భయపడుతూ ఇంకో అరవై ఎనిమిది వేలు కట్టడం మాత్రం ఏ లెక్కా కాదు.

వాయిదా వేద్దామనుకుంటే దసరా సెలవులకు మార్చకండి, అందరికీ ముందు తట్టేది అదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వరంగల్, హనుమకొండలను ఎలా ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అండమాన్‌లోనూ 2016 డిసెంబరులో, మంచి సీజన్ అనుకునే నెలలో, వాయుగుండం వల్ల హావ్‌లాక్, నీల్‌లలో వేయిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకొచ్చింది. సంక్రాంతి తర్వాత నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అప్పుడు రేట్లు ఎక్కువ, ఆ డెబ్బై వేలు అందులో చిన్న భాగమే అవుతాయి. పైగా పాప అప్పటికి పరీక్షల్లో ఉంటుంది, వచ్చే ఏడాది పది. వాయిదా అంటే మీ ఇంట్లో రెండేళ్లు అని అర్థం చేసుకునే ఒప్పుకోండి.

చోటు మార్చడం ఇంకో దారి. అన్ని దీవులకూ వానాకాలం ఒకటే కాదు. బాలిలో ఆగస్టు పొడి కాలం. శ్రీలంకలో కొలంబో వైపు వానలున్నా తూర్పున ట్రింకోమలీ వైపు ఎండ కాస్తుంటుంది. కానీ నలుగురికి పాస్‌పోర్టులు కావాలి, ఖర్చు పెరుగుతుంది, ఇప్పటికే కట్టిన డబ్బు అక్కడికి పనికిరాదు. మీ కోరిక సముద్రం చూడటమే అయితే వరంగల్‌లో రైలెక్కి విజయవాడ మీదుగా చీరాలో బాపట్లో చేరొచ్చు, మూడు రోజుల్లో తిరిగొచ్చేయొచ్చు, అత్తమ్మ ఫోన్ చేస్తే ఆ రాత్రికే రైలు పట్టుకోవచ్చు. ఆగస్టులో అక్కడా అలలు ఎక్కువే, నీళ్లలోకి దిగడం వద్దు. మీవారికి ఇది చిన్నతనంగా అనిపించొచ్చు, ఆఫీసులో అందరికీ అండమాన్ అని చెప్పేసి ఉంటారు. ఆ బరువు ఆయనే మోయాలి.

ఇవన్నీ చూశాక నా మొగ్గు ఎటో దాచను. అత్తమ్మకు నమ్మకమైన చోటు దొరికి, చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌కు మారితే వెళ్లిరండి. రెండింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా నేనైతే డబ్బు కొంత వదులుకుని ఆగుతాను. వెళ్తే, ముందే ఒక షరతు అనుకోండి: బయల్దేరే రెండు మూడు రోజుల ముందు మన జిల్లాకు రెడ్ అలర్ట్ వస్తే ఏం చేస్తారు? ఎవరో ఒకరు ఆగిపోతారా, అందరూ ఆగుతారా? విమానాశ్రయానికి వెళ్లే దారిలో ఆ గొడవ పడకూడదు. అక్కడ ఫోన్ గురించి మాత్రం బెంగ వద్దు, 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్, ఫోన్ బాగా మెరుగయ్యాయి. రోజూ రాత్రి ఒకే టైముకు అత్తమ్మకు ఫోన్ చేయండి, వీలైతే కొడుకే చేయాలి.

25వ తేదీకి ఎక్కువ రోజుల్లేవు. ఏజెంటుకు వాట్సాప్ ఇవాళే పెట్టండి. ఆదివారం ఆయన ఇంట్లో ఉంటారు కాబట్టి ఆయనతో అప్పుడు మాట్లాడండి. కరీంనగర్‌కు మాత్రం మీరు ఫోన్ చేయకండి. అది ఆయన చేయాల్సిన ఫోను.